రొయ్యల చెరువు గట్టున హిప్‌హాప్

ఆ రోజుల్లో ఏ పాట వినాలో మనిషికి మనిషే చెప్పాలి. ఇప్పుడా అవసరం తీరిపోయింది. మా అమ్మాయి ఫోను తీస్తే చాలు, కొత్తగా వచ్చిన ఆల్బమ్‌లు ఇవి, హిప్‌హాప్ కావాలంటే ఇది వినండి, పాప్ అయితే ఇది, జానపదమైతే ఇదిగో ఇది అని ఆ ఫోనే చెప్పుకుపోతుంది. మా అమ్మాయి వాటిని వేలితో పక్కకి తోసేస్తుంది. ఫోను ఏమీ అనుకోదు. మర్నాడు పొద్దున్నే మళ్లీ అంతే ఉత్సాహంగా ఇంకొన్ని చెబుతుంది. దాని ఓర్పు చూస్తే నాకు ముచ్చటేస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. ఎందుకంటే తొంభైల చివర్లో మా ఊళ్లో ఆ ఫోను చేసే ఉద్యోగం నేను చేసేవాణ్ని. జీతం లేదు, ఎవరూ నియమించలేదు, ఏం వినమంటావు అని ఎవరూ నన్ను అడగను కూడా లేదు. (అడగలేదన్న ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.) పైగా నేను చెప్పిన ఆల్బమ్ వినకపోతే నేను చాలా అనుకునేవాణ్ని. వాళ్లతో మాటలు మానేసేవాణ్ని. నేను మాట్లాడటం లేదన్న సంగతి వాళ్లు గమనించేవారు కాదు, అది వేరే బాధ.

నేనప్పుడు రాజమండ్రిలో డిగ్రీ చదువుతున్నాను. చదువుతున్నానని మా ఇంట్లో అనుకునేవారు. కాలేజీకీ హాస్టలుకీ మధ్య ఒక కేసెట్ల కొట్టు ఉండేది, నా చదువంతా ఆ కొట్టు దగ్గరే ఆగిపోయేది. గోడల నిండా కేసెట్లు, గుమ్మానికి అటూ ఇటూ స్పీకర్లు, ఫ్యాను కింద షాపాయన. కొత్త ఆల్బమ్ వస్తే ఆయన దాన్ని ముందు నాకు వినిపించి, "ఆ పక్కన నిలబడి వచ్చినోళ్లకి చెప్పండి, మీకూ కాలక్షేపం, నాకూ కాలక్షేపం" అనేవాడు. నేను దాన్ని పెద్ద బాధ్యతగా తీసుకున్నాను. కూతురి పెళ్లికి సన్నాయి కేసెట్ కోసం వచ్చిన పెద్దమనిషిని ఆపి, "సన్నాయి సరేనండి, ఈ కొత్త హిప్‌హాప్ ఆల్బమ్‌లో బేస్ ఎలా ఉందో ఒక్కసారి వినండి" అనేవాణ్ని. ఆయన, "ఆయ్, పెళ్లి గట్టెక్కాక వింటానండి" అని మర్యాదగా తప్పుకునేవాడు. లోకంలో ఉన్న సంగీతాన్నంతా నేను హిప్‌హాప్, పాప్, జానపదం అని మూడు వాటాలు వేశాను. (సినిమా పాటలకి వాటా ఇవ్వలేదు. అవి అందరికీ ముందే తెలుసు కాబట్టి అందులో నా గొప్ప ఏమీ ఉండదు.) "బేస్", "మిక్సింగ్", "ఫీల్" అనే మాటలతో ఎంతటి ఆల్బమ్‌నైనా తేల్చేసేవాణ్ని. హిప్‌హాప్ కుర్రాళ్లు ఏమంటున్నారో మాత్రం నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. నా ఇంగ్లీషు "యో" దగ్గర మొదలై "కమాన్" దగ్గర ఆయాసపడేది. ఎవరైనా అర్థం అడిగితే, "సమాజంలో అన్యాయం గురించి అంటున్నాడు" అని గంభీరంగా చెప్పేవాణ్ని. దాన్ని కాదనగలిగినవాడు మా చుట్టుపక్కల ఎవడూ లేకపోవడం నా అదృష్టం.

సెలవులకి ఇంటికి బయలుదేరితే నా సంచిలో పుస్తకాల కంటే కేసెట్లే ఎక్కువ. మా ఊరు భీమవరం దాటాక కాలవ గట్టు వెంట వెళ్తే వస్తుంది. రావులపాలెంలో బస్సు ఆగినప్పుడు ఎవరి అరటి గెల వచ్చి పడుతుందోనని ఆ సంచిని పసిపిల్లాణ్ని పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాణ్ని. మాదీ బాబాయ్ వాళ్లదీ ఒకే లోగిలి. దిగగానే నా పని మొదలయ్యేది. మా మామ్మకి (నాన్నగారి అమ్మ) ఒకసారి జానపదాల ఆల్బమ్ తెచ్చి, కళ్లు మూసుకుని వినమన్నాను. ఆవిడ ఒక పాట విని, "ఇయ్యి మన చేలో ఊడుపులప్పుడు పాడేవే కదరా! డబ్బులిచ్చి కొన్నావా?" అని నా వంక జాలిగా చూసింది. పిన్నికి పాప్ ఆల్బమ్ ఇచ్చాను. ఆవిడ దాన్ని చాలా మెచ్చుకుంది. "ఒక వైపు అయ్యేసరికి ఇడ్లీలు సరిగ్గా ఉడుకుతున్నాయిరా, గడియారం చూసుకోనక్కర్లేదు" అంది. ఆ గాయకురాలు ఎంత ఆవేదనతో పాడిందో చెప్పబోతే, "ఆ పిల్ల ఆవేదన పడేటప్పటికే చట్నీ తాలింపు పెట్టేస్తాను" అని కూడా చెప్పింది. నేను కుమిలిపోయాను.

బాబాయ్ మాత్రం అసలు పాటల మనిషే కాదు. భజనలో అందరూ తాళం వేస్తుంటే చేతులు కట్టుకుని కూర్చునే మనిషి. ఆయన లోకమంతా ఊరి చివర ఉన్న రొయ్యల చెరువు. తాతల నాటి వరిచేలో కొంత ముక్క తవ్వించి చెరువు చేశాడు. అంతకు ముందటి పంట తెల్లమచ్చ తెగులు వచ్చి మొత్తం పోయింది. పట్టి అమ్ముకునే రోజు, అంటే పట్టుబడి, దగ్గరపడ్డాక రొయ్యలన్నీ గట్టు వారన తేలితే, బాబాయ్ వాటిని చూస్తూ ఒక పూటంతా గట్టు మీదే కూర్చున్నాడట. ఆ ఏడు మళ్లీ ధైర్యం చేసి చెరువులో రొయ్య పిల్లని వదిలాడు. "ఈ పంట కూడా పోతే చెరువు పూడ్చేసి ఊరుకుంటాను, ఇక నావల్ల కాదు" అని పిన్నితో అన్నాడు. ఆయన అలాంటి మాట అనగా మేమెవరం ఎప్పుడూ వినలేదు. అందుకని ఆ వేసవి మా లోగిలిలో అందరం పెళ్లీడుకొచ్చిన పిల్ల గురించి మాట్లాడుకున్నట్టు ఆ రొయ్యల గురించే మాట్లాడుకునేవాళ్లం. ఇవాళ మేత తిన్నాయా, పెంకు గట్టిగా ఉందా, నీళ్ల రంగు ఎలా ఉంది, ఇవే కబుర్లు.

చెరువుకి ప్రాణమంతా ఒక డీజిల్ ఇంజనులో ఉండేది. అది తిరిగితే చెరువులో చక్రాలు తిరుగుతాయి. చక్రాలు నీళ్లు చిమ్మితే నీళ్లలోకి గాలి చేరుతుంది. తెల్లారగట్ల చెరువులో గాలి బాగా తగ్గిపోతుంది కాబట్టి అప్పుడు ఇంజను ఆగిందంటే రొయ్యలు ఊపిరాడక పైకి తేలతాయి. తేలినవాటిని దక్కించుకోవడానికి వ్యవధి చాలా తక్కువ. అందుకని రాత్రంతా ఇంజను దగ్గర కాపలాకి ఒక మనిషి కావాలి. మా చెరువు మకాంలో, అంటే గట్టు మీది తాటాకు పాకలో, ఉండే కాపలా మనిషిని ఊరంతా కునుకు తాత అనేవారు. ఆ పేరు ఎందుకొచ్చిందో మీరు ఊహించగలరు. ఇంజను డుబుడుబుమంటుంటే దాని పక్కనే మంచం వేసుకుని హాయిగా నిద్రపోయేవాడు. కానీ ఇంజను ఆగితే మాత్రం చటుక్కున లేచి కూర్చునేవాడు. ఎలా లేస్తావు తాతా అని అడిగితే, "నాకేం తెలుసండి, నిద్రలో ఉంటాను కదా" అనేవాడు.

మామ్మకి ఆయన మీద పూర్తి నమ్మకం. "ఆడి నిద్ర జోలికి పోకండి. ఆడు పడుకున్నాడంటే ఇంజను ఆడుతున్నట్టే" అనేది. తెల్లమచ్చ దెబ్బ తిన్న బాబాయ్‌కి ఆ నమ్మకం సరిపోలేదు. "ఏ రోజైనా లెగకపోతే? మనిషి మెలకువగా ఉండాలి కదే అమ్మా" అని మథనపడేవాడు. ఒక సాయంత్రం అరుగు మీద ఈ మాట నడుస్తుండగా నేను గొంతు సవరించుకున్నాను. "బాబాయ్, ఆయన్ని మెలకువగా ఉంచడానికి సరైన ఆల్బమ్ ఉంటే చాలు" అన్నాను. మామ్మ వక్క నవలడం ఆపేసింది. పిన్ని లోపలికి వెళ్లిపోయింది. బాబాయ్ మాత్రం, మునిగేవాడు ఏది దొరికితే అది పట్టుకున్నట్టు, "పని చేస్తుందంటావా?" అన్నాడు. నా జీవితంలో నా సిఫారసుని ఇంత ఆశగా విన్న మనిషి లేడు. నాకు ఒళ్లు తెలియలేదు.

మర్నాడు సాయంత్రం టేప్‌రికార్డరు, సంచి పట్టుకుని మకాంకి వెళ్లాను. పరీక్ష శాస్త్రీయంగా జరగాలని ముందు జానపదంతో మొదలుపెట్టాను. తాత మొదటి పాటకి తనూ గొంతు కలిపాడు. అప్పగింతల పాట వచ్చేసరికి, "మా అప్ప గుర్తొచ్చిందండి" అని తువ్వాలు కళ్లకి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి మనసు తేలికపడి నిద్రపోయాడు. లేపి పాప్ పెట్టాను. ఆ గాయకురాలు రాగం తీస్తుంటే తాత శ్రద్ధగా విని, "పాపం ఆ పిల్లకి ఒంట్లో బాగాలేదాండీ? అలా మూలుగుతుంది?" అన్నాడు. ప్రేమలో ఉందని చెప్పాను. "అయితే తగ్గిపోద్ది లెండి" అని అటు తిరిగి పడుకున్నాడు. ఇక నా సంచిలోంచి ఆ ఏడు వచ్చిన కొత్త హిప్‌హాప్ ఆల్బమ్ తీశాను. బేస్ మొదలైంది. ఇద్దరు కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు పడి మాట్లాడటం మొదలుపెట్టారు. తాత లేచి కూర్చున్నాడు.

"అబ్బాయిగారూ, ఈళ్లు దేనిగురించండీ దెబ్బలాడుకుంటున్నారు?"

"దెబ్బలాట కాదు తాతా, పాటే అది. సమాజంలో అన్యాయం గురించి అంటున్నారు."

"ఆయ్. తప్పెవరిదంటారు?"

"అది చివర్లో తెలుస్తుంది" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

అంతే. ఆ తగువు ఎలా తెగుతుందో తెలుసుకునేదాకా తాత కంటి మీద కునుకు లేదు. మర్నాడు బాబాయ్ వెళ్లేసరికి కళ్లు పత్తికాయల్లా విప్పుకుని మంచం మీద కూర్చున్నాడు. "రెండోవాడిది తప్పులాగుందండి, అందుకే గొంతు పెంచుతున్నాడు" అన్నాడట. బాబాయ్ ఇంటికొచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ రోజు నేను నేల మీద నడవలేదు. ఒక సిఫారసు ఫలిస్తే దానికి మెరుగులు దిద్దాలి కదా! ట్రాక్టరు పాత బ్యాటరీకి తీగలు తగిలించి టేప్‌రికార్డరు తెల్లవార్లూ ఆడే ఏర్పాటు చేశాను. అది కేసెట్ ఒక వైపు అయిపోతే దానంతటదే రెండో వైపుకి తిరిగే రకం కాబట్టి ఆగే పనే లేదు. పిన్ని పెరట్లోంచి పెద్ద మట్టి బాన ఒకటి ఎత్తుకొచ్చి దాని మూతి మీద స్పీకరు బోర్లించాను. (ఆ రోజుల్లో బేస్ కావాలనుకున్న ప్రతి కుర్రాడి గదిలోనూ కుండ మీద స్పీకరు ఉండేది. ఇంట్లో వాళ్లు నీళ్లకి వెతుక్కునేవారు.) ఆ బానలోంచి వచ్చిన చప్పుడుకి మకాం తాటాకులు అదిరాయి. డుబు, డుబు, డుబు, డుబు. బేస్ అంటే ఇదీ అనుకున్నాను. ఆ చప్పుడు అచ్చం దేనిలా ఉందో నాకు తట్టలేదు. అక్కడున్న ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే పక్కనే అసలుది కూడా ఆడుతోంది.

కొన్నాళ్లు అలా గడిచింది. పక్క చెరువుల రైతులు కూడా వచ్చి మకాం ముందు నిలబడి విని, "మాకూ ఒకటి చెప్పండి బాబూ" అనే స్థితికి వచ్చారు. వాళ్ల చెరువులకి ఏ ఆల్బమ్‌లు సరిపోతాయో ఆలోచిస్తూ నేను అరుగు మీద పచార్లు చేసేవాణ్ని. తాతకి ఈలోగా ఆ తగువు పాతబడిపోయిందన్న సంగతి నా బుర్రకి తోచలేదు. ఎంతటి తగువైనా రోజూ అవే మాటలైతే ఎవరికి ఆసక్తి ఉంటుంది? ఆ కుర్రాళ్ల మాటలు ఆయన చెవికి గాలివానలా, బేస్ మాత్రం జోలపాటలా అయిపోయి ఉంటాయి.

ఒక తెల్లవారుజామున బాబాయ్‌ని మోపెడ్ మీద వెనక ఎక్కించుకుని, తాతకి ఫ్లాస్కులో టీ పట్టుకుని చెరువుకి బయలుదేరాను. కాలవ మలుపు తిరగ్గానే చల్లగాలిలో ఆ చప్పుడు వినిపించింది. డుబు, డుబు, డుబు. బాబాయ్ వెనక నుంచి తృప్తిగా, "ఇంజను ఎంత నిలకడగా ఆడుతుందో చూశావా" అన్నాడు. నేను కూడా అవునన్నాను. గట్టెక్కేసరికి చెరువు చుట్టూ కొంగలు భోజనాల బంతికి కూర్చున్నట్టు వరసగా కూర్చుని ఉన్నాయి. చెరువులో చక్రాలు కదలడం లేదు. నీళ్లు అద్దంలా ఉన్నాయి. అద్దం అంచుల్లో అంతా సన్నగా, వందల మీసాలు కదులుతున్నట్టు, రొయ్యలు తేలి ఉన్నాయి. మకాంలో ఇంజను చల్లగా ఉంది. బాన మీద స్పీకరు డుబుడుబుమంటూనే ఉంది. దాని పక్కన కునుకు తాత, పేరు నిలబెట్టుకుంటూ, ప్రశాంతంగా నిద్రపోతున్నాడు.

బాబాయ్ ఒక్క కేక పెట్టాడు. ఆ కేక నాకింకా గుర్తుంది. తాత దిగ్గున లేచి, చక్రాలకేసి చూసి, స్పీకరుకేసి చూశాడు. డీజిల్ గొట్టంలో గాలి పట్టి ఇంజను ఆగిపోయింది. దాన్ని సరిచెయ్యడానికి తాత పానాలు పట్టుకుని ఇంజను మీద పడ్డాడు. "నువ్వెళ్లి అందర్నీ పిలుచుకురా!" అని బాబాయ్ చొక్కాతోనే చెరువులోకి దూకేశాడు. ఇంజను లేనప్పుడు మనుషులే చక్రాలు కావాలి. దిగి చేతులతో నీళ్లు కొట్టాలి, చిమ్మాలి, ఎంత అల్లకల్లోలం చేస్తే అంత గాలి. నేను మోపెడ్ ఎలా తోలానో నాకు తెలియదు. మా లోగిలి మొత్తం, పక్క చెరువుల వాళ్లు, పాలు పితుకుతున్నవాళ్లు చెంబులు పడేసి, అందరూ పరుగెత్తుకొచ్చారు. పిన్ని చేటలూ పళ్లాలూ పట్టుకుని చీర బిగించి దిగిపోయింది. నేను కూడా రాజమండ్రిలో కొన్న కొత్త జీన్సుతో నడుములోతు నీళ్లలో దిగి పిచ్చివాడిలా నీళ్లు కొట్టడం మొదలుపెట్టాను. కొడుతూ ఏడుస్తున్నాను. మొహమంతా నీళ్లే కాబట్టి ఎవరికీ తెలియలేదు.

మొదట్లో ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు కొట్టాం. ఒకరి చెయ్యి ఒకరికి తగిలింది, ఒకరి నీళ్లు ఒకరి నోట్లోకి వెళ్లాయి, తొందరగా అలుపొచ్చింది. గట్టు మీద కర్ర పట్టుకుని కొంగల్ని తోలుతున్న మామ్మ, "ముందా దిక్కుమాలిన తగువు ఆపండ్రా, చెవులు చిల్లులు పడుతున్నాయి!" అని అరిచింది. ఒకాయన గట్టెక్కి ఆపబోయాడు. చెరువు మధ్యలోంచి బాబాయ్, "ఆపకండి! ఆపకండెహె! చేతులు దానికే పడుతున్నాయి!" అన్నాడు. చూస్తే నిజమే. బానలోంచి డుబు అన్నప్పుడల్లా అందరి చేతులూ ఒక్కసారి నీళ్ల మీద పడుతున్నాయి. డుబుకి ఒక దెబ్బ, డుబుకి ఒక దెబ్బ. భజనలో తాళం వెయ్యని మా బాబాయ్ తల ఊపుతూ హిప్‌హాప్‌కి నీళ్లు కొడుతున్నాడు. పిన్ని చేటతో కొడుతోంది. మీసాల పెద్దరైతులు కొడుతున్నారు. ఆ ఇద్దరు కుర్రాళ్లూ బానలోంచి మమ్మల్ని తిడుతున్నట్టు అదిలిస్తూనే ఉన్నారు. కేసెట్ ఒక వైపు అయిపోయి రెండో వైపుకి తిరిగే ఆ కాస్త వ్యవధిలో అందరి చేతులూ గాల్లో అలాగే ఆగిపోయాయి. మళ్లీ డుబు అంది. మళ్లీ పడ్డాయి. ఇంత మంది ఇంత శ్రద్ధగా నేను చెప్పిన ఆల్బమ్ వినడం అదే మొదలు, అదే చివర.

ఎండ గట్టు మీదికి వచ్చేవేళకి ఇంజను దగ్గింది, మళ్లీ దగ్గింది, అందుకుంది. చక్రాలు కదిలాయి. మేమంతా ఎక్కడివాళ్లం అక్కడే ఆగి నిలబడ్డాం. అప్పుడు రెండు చప్పుళ్లూ పక్కపక్కనే వినిపించాయి. ఇంజను డుబుడుబు, బాన డుబుడుబు. కళ్లు మూసుకుంటే ఏది ఏదో ఎవరికీ తెలియడం లేదు. బాబాయ్ నీళ్లలో నిలబడి చాలాసేపు విన్నాడు. గట్టు మీద తాత రెండు చేతులూ కట్టుకుని తల వంచుకుని ఉన్నాడు. "ఊరుకో తాతా, ఇంజను ఆగితే కదా నువ్వు లెగడానికి. నీ చెవిలో అది ఆగలేదు" అన్నాడు బాబాయ్. తర్వాత మెల్లగా నా వైపు తిరిగాడు. ఇక తిట్టడం మొదలుపెడతాడని నేను సిద్ధంగా ఉన్నాను. ఆయన మొహం మీద నీళ్లు తుడుచుకుని, "ఆల్బమ్ బాగానే ఉందిరా, తగలేసింది ఆ బానే" అన్నాడు. పిన్ని బాన ఇంటికి పట్టుకుపోయింది.

గట్టు వారన కొన్ని రొయ్యలు పోయాయి, కొంగలు తిన్నన్ని తిన్నాయి. మిగతావి అడుక్కి దిగిపోయాయి. బాబాయ్ పట్టుబడి దాకా మకాంలోనే మంచం వేసుకుని పడుకున్నాడు. పంట బంగారం కాదు గానీ చెరువు పూడ్చే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నా సంగతే మిగిలింది. నేను వీధిలోకి వస్తే చాలు, "అబ్బాయిగారూ, మా గేదె చేపు రావట్లేదండి, పాలు దిగట్లేదు, ఏదన్నా ఆల్బమ్ చెబుతారా?" అని ఒకరు, "మా అల్లుడు పండక్కొచ్చి కదలట్లేదు, ఏం పెడితే పోతాడు?" అని ఇంకొకరు. పక్క చెరువుల వాళ్లు నేను ఎదురుపడితే ఎక్కడ ఆల్బమ్ చెబుతానోనని మోపెడ్ సందులోకి తిప్పేసుకునేవారు. సమాజంలో అన్యాయం అన్న మాట మామ్మ నా పేరుకి ఇంటిపేరులా తగిలించేసింది. నేను కేసెట్ల సంచి అటకెక్కించి, ఇక ఈ జన్మలో ఎవరికీ ఏ పాటా చెప్పనని ఒట్టేసుకుని రాజమండ్రి బస్సెక్కాను. కేసెట్ల కొట్టు ముందు నుంచి కాకుండా చుట్టూ తిరిగి కాలేజీకి వెళ్లేవాణ్ని. అలా వెళ్లడం వల్ల చదువు కొంచెం బాగుపడింది కూడా.

తర్వాతి పంటకి పిల్లని వదిలే ముందు నేను ఇంటికి వెళ్లాను. అన్నాలు తిన్నాక బాబాయ్ అరుగు మీదకి పిలిచాడు. కాసేపు నీళ్ల సంగతీ మేత సంగతీ మాట్లాడి, "ఏరా, ఈసారి ఏ ఆల్బమ్ పెడదాం?" అన్నాడు.

ఏడిపిస్తున్నాడనుకుని తల దించుకున్నాను. కాదు. ఆయన మొహంలో నవ్వు లేదు. "నిజంగానేరా. తాతకి అది లేకపోతే ఊసుపోవట్లేదంట. నాకూ రాత్రిళ్లు ఏదో ఒకటి వినపడితే బాగుంటుంది, అలవాటైపోయింది. ఇంజనులా ఉండనిది చూసి పట్టుకురా. నీకు తెలుసు కదా అవన్నీ" అన్నాడు. తను వినడానికి చెప్పమని అన్నేళ్లలో నన్ను అడిగినవాడు ఆయనొక్కడే. అడిగిన వెంటనే బేస్, మిక్సింగ్, ఫీల్ అని ఏదో ఒకటి చెప్పెయ్యాల్సినవాణ్ని, ఈసారి తొందరపడలేదు. చూసి చెబుతానన్నాను.

రాజమండ్రి వెళ్లి ఆ కొట్టులో మొదటిసారి నోరు మూసుకుని పాటలు విన్నాను. షాపాయన ఒంట్లో బాగాలేదా అని అడిగాడు. ఒక్కొక్క ఆల్బమ్ పెట్టించుకుని, ఆ మకాంలో మంచం మీద నేనే పడుకున్నట్టు అనుకుని వినేవాణ్ని. చివరికి గోదావరి పడవవాళ్ల పాటల ఆల్బమ్ ఒకటి దొరికింది. ఎవరో చిన్న కంపెనీ వాళ్లది, అట్ట మీద బొమ్మ కూడా సరిగ్గా లేదు. పాడినాయన ఒక పాట అయిపోయాక ఊపిరి పీల్చుకుని, దగ్గి, తీరిగ్గా రెండోది అందుకునేవాడు. ఆ పాటకీ ఈ పాటకీ మధ్య చాలా ఖాళీ ఉండేది. ఆ ఖాళీలో ఇంజను వినిపిస్తుంది. తెచ్చి ఇస్తే తాత విని, "ఈయన ఆగి మన ఇంజను కూడా వింటన్నాడండి" అన్నాడు. ఆ పంటంతా అదే ఆడింది.

కునుకు తాత ఇప్పుడు లేడు. చెరువులో రొయ్య రకం మారింది, చక్రాలు కరెంటు మీద తిరుగుతున్నాయి, ఆగితే బాబాయ్ ఫోనుకి కబురొస్తుంది. మొన్న మా అమ్మాయి కారు నడుపుతూ తన ఫోను చెప్పిన కొత్త ఆల్బమ్ ఏదో పెట్టింది. పాట అయ్యేలోపే ఇంకో పాట దాంట్లో కలిసిపోతోంది, సందు లేదు. "మధ్యలో కాస్త ఖాళీ ఉండేది ఏమన్నా ఉందేమో అడుగమ్మా దాన్ని" అన్నాను.

"ఖాళీ ఎందుకు నాన్నా?"

"ఇంజను వినపడాలి కదా."

తను వింతగా చూసి, పాట ఆపి, కారు చప్పుడు శ్రద్ధగా వింది. నేనూ విన్నాను. నడుములోతు నీళ్లలో తడిసిన జీన్సుతో నిలబడి, బానలోంచి వచ్చే డుబు కోసం చేతులెత్తి ఎదురుచూస్తున్న ఆ వెర్రి కుర్రాడు కాసేపు నా పక్కనే ఉన్నట్టనిపించింది. వాడి మీద కోపం ఎప్పుడో పోయింది, ఇప్పుడు కొంచెం ముద్దు కూడా వస్తున్నాడు.

"బాగానే ఆడుతోంది కదా నాన్నా?" అంది మా అమ్మాయి.

"బాగానే ఆడుతోందమ్మా. పెట్టుకో నీ పాట" అన్నాను.